పొగాకు బేళ్ల దగ్గర్నుంచి ఆర్కైవ్స్ దాకా: అంతర్జాతీయ సంబంధాల చరిత్రలో కెరీర్ ఎలా కట్టుకోవాలి

ఒంగోలు, నెల్లూరు కాలేజీల్లో బీఏ చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "మేడమ్, హిస్టరీ అంటే ఇష్టమే, కానీ డీఎస్సీ, గ్రూప్స్ కాకుండా దాంతో ఇంకేం చేయొచ్చు?" నేను చేసే పని అంతర్జాతీయ సంబంధాల చరిత్ర రాయడం అని చెప్తే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, "అంటే ఐఎఫ్ఎస్సా మేడమ్?" కాదు. ఐఎఫ్ఎస్ (విదేశాంగ సర్వీసు) అధికారి ఇవాళ దేశం తరఫున మాట్లాడతారు. ఆ మాట అలాగే ఎందుకు మాట్లాడారు, మాట్లాడేముందు గదిలో కూర్చుని ఏం అనుకున్నారు, అవతలి దేశం వాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారు అన్నది పాతిక ముప్పై ఏళ్ల తర్వాత కాగితాలు తీసి చదివి రాసేది చరిత్రకారులు. మన జిల్లాల నుంచి ఈ పనిలోకి వెళ్లొచ్చని నాకు డిగ్రీలో ఉన్నప్పుడు చెప్పినవాళ్లు లేరు. అందుకే నాకు తెలిసింది ఒకచోట రాసి పెడుతున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ప్రశ్న, ఆ తర్వాతే డిగ్రీ

టాపిక్ ఏంటని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది "భారత్-చైనా సంబంధాలు" అంటారు. అంత పెద్ద పేరు పట్టుకుని ఆర్కైవ్స్‌కి, అంటే పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే చోటికి, వెళ్తే ఏ ఫైలు అడగాలో కూడా తెలియదు. మీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న ఒక చిన్న ప్రశ్న కావాలి, అది ఐదారేళ్లు మిమ్మల్ని వదలకుండా పట్టుకునేది అయి ఉండాలి.

నా ప్రశ్న మా ఇంట్లోనే దొరికింది. మాది కొండపి వైపు పల్లె, పొగాకు రైతుల కుటుంబం. సోవియట్ యూనియన్ విడిపోయిన తర్వాతి ఎండాకాలం, మా నాన్న వేలానికి తోలిన బేళ్లలో చాలా భాగం నో బిడ్ అయి, అంటే పాట పాడేవాళ్లు లేక, ట్రాక్టరు మీద ఇంటికి తిరిగొచ్చాయి. వరండాలో దించుతూ "రష్యావోడు కొనట్లేదంటమ్మా" అన్నాడు నాన్న. రష్యావాడు ఎవరు, మా ఆకు అతనికి ఎందుకు, అతను కొనకపోతే ఇంకొకరు ఎందుకు కొనరు, ఈ మూడు ప్రశ్నలు ఎంఏ దాకా నాతోనే వచ్చాయి. తర్వాత చదివితే తెలిసింది: 1953 డిసెంబరులో మన దేశానికీ సోవియట్ యూనియన్‌కీ వాణిజ్య ఒప్పందం జరిగింది, రూపాయల్లో చెల్లింపులకు దారి పడింది. వాళ్ల యంత్రాలు, చమురు, ఆయుధాలు మనం డాలర్లు లేకుండా తెచ్చుకున్నాం, అలా వాళ్ల చేతికి వచ్చిన రూపాయలతో వాళ్లు మన టీ, తోలు, పొగాకు లాంటివి కొన్నారు. 1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. పాత బాకీని ఏ లెక్కన కట్టాలన్న పేచీ 1993 జనవరిలో యెల్త్సిన్ ఢిల్లీ వచ్చేదాకా సాగింది. ఆ ఏడాది మా బేళ్లు తిరిగి రావడానికి ఇదొక్కటే కారణం అని నేను అనను, ఆకు నాణ్యత ఉంది, దేశంలోపల కంపెనీల కొనుగోళ్లు ఉన్నాయి, ప్రపంచ ధర ఉంది. ఏ కారణం ఎంత అని తూకం వేయడమే మా పని, తూకం వేయకుండా "రష్యా పడిపోయింది కాబట్టి మేం పడిపోయాం" అని రాస్తే అది అరుగు మీద మాటే అవుతుంది.

మీ చుట్టూ ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. ఒంగోలు జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి అక్కడ "నెలోరె" అనే పేరుతో ఆ దేశపు మాంసం పరిశ్రమకే ఆధారమయ్యాయి. ఆ పేరు మన నెల్లూరుదే. పశువుల ఎగుమతికి అనుమతి ఎవరిచ్చారు, రోగాల భయంతో ఏ షరతులు పెట్టారు అన్నది పూర్తిగా రెండు ప్రభుత్వాల మధ్య నడిచిన వ్యవహారం. గూడూరు వైపు అభ్రకం గనులు తీసుకోండి, రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలకూ విమానాలకూ అభ్రకం లేకపోతే గడవదు, అందుకే బ్రిటన్, అమెరికా కలిసి మన దేశంలో అభ్రకం కొనడానికి ప్రత్యేకంగా ఒక మిషన్ పెట్టాయి. మన రొయ్యల చెరువుల మీద అమెరికా 2005లో యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు తెచ్చి అమ్ముతున్నారని వేసే పన్ను) వేసింది, మీ మామయ్యో బాబాయో ఆ దెబ్బ తిని ఉంటారు. ఇంకా పాతకాలం ఇష్టమైతే మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునేవాళ్లు, ఇకమీదట సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని విదేశీ వర్తకులకు మాట ఇచ్చిన రాతి పత్రం అది. దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్లు 1626లోనే కొట్టు పెట్టారు, మద్రాసు అనే ఊరు పుట్టకముందే. వాళ్లు దాన్ని ఆర్మగాన్ అనేవాళ్లు. ఇవన్నీ అంతర్జాతీయ సంబంధాల చరిత్రే.

నన్ను అడిగితే ఇప్పుడు ఎవరైనా పట్టుకోవాల్సింది శ్రీహరికోట. 2022 దాకా అది మన నెల్లూరు జిల్లాలోదే. ఇస్రో 1991లో రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో క్రయోజెనిక్ (అతి చల్లని ఇంధనంతో నడిచే రాకెట్) ఇంజన్ల కోసం ఒప్పందం చేసుకుంటే, క్షిపణి టెక్నాలజీ నియంత్రణ నిబంధనలకు ఇది విరుద్ధమని 1992 మేలో అమెరికా రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా టెక్నాలజీ ఇవ్వకుండా ఇంజన్లు మాత్రమే ఇచ్చేందుకు ఒప్పుకుంది. ఆ ఇంజనుతో మొదటి జీఎస్ఎల్‌వీ 2001 ఏప్రిల్‌లో ఎగిరింది, మన సొంత క్రయోజెనిక్ ఇంజను విజయవంతంగా పని చేసింది 2014 జనవరిలో. ఢిల్లీ, మాస్కో, వాషింగ్టన్ మూడు రాజధానులూ ఉన్న కథ ఇది, ముప్పై ఏళ్లు దాటింది కాబట్టి కాగితాలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. సూళ్లూరుపేటలో పుట్టిన పిల్లో పిల్లాడో దీని మీద పీహెచ్‌డీ చేస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

ఎంఏ ఎందులో చేయాలి

ఇక్కడ తప్పటడుగు పడితే పదేళ్ల తర్వాత తెలుస్తుంది, అందుకే జాగ్రత్తగా చదవండి. మన దేశంలో అంతర్జాతీయ సంబంధాలు అన్న సబ్జెక్టు పొలిటికల్ సైన్స్ వైపు ఉంది. హిస్టరీ డిపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక భారత చరిత్ర చెప్తారు. మనం చేసేది ఈ రెండింటి మధ్య గట్టు మీద పంట. పరిశోధనకు అది మంచి చోటే, కానీ ఉద్యోగ నోటిఫికేషన్‌లో గట్టుకు కాలమ్ ఉండదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు సంబంధిత సబ్జెక్టులో 55 శాతంతో పీజీ, దాంతోపాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) అడుగుతారు (ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది). మీ ఎంఏ అంతర్జాతీయ సంబంధాల్లో ఉంటే హిస్టరీ పోస్టుకు స్క్రూటినీలోనే పక్కన పెట్టే అవకాశం ఎక్కువ. ఎంఏ హిస్టరీ ఉంటే పొలిటికల్ సైన్స్ పోస్టుకు అదే గతి. నాకే జరిగింది, ఒక ఇంటర్వ్యూలో బోర్డులో ఒకాయన నా థీసిస్ పేరు చదివి "ఇది హిస్టరీ ఎలా అవుతుందమ్మా, పాలిటిక్స్ కదా" అన్నారు. నేను ఆర్కైవ్స్ గురించి పది నిమిషాలు చెప్పినా ఆయన మొహంలో మార్పు రాలేదు. ఆ పోస్టు నాకు రాలేదు, నా ఎంఏ హిస్టరీలో ఉండబట్టి కనీసం ఆ కుర్చీ దాకా వెళ్లగలిగాను.

నా సలహా: మీకు కాగితాలు, పాతకాలం మీద మమకారం ఉంటే ఎంఏ హిస్టరీనే చేయండి, ఆప్షనల్స్‌లో దొరికినంత ఆధునిక ప్రపంచ చరిత్ర, విదేశాంగ విధానం తీసుకోండి, పీహెచ్‌డీ మాత్రం ఏ డిపార్ట్‌మెంట్‌లో మంచి గైడ్ దొరికితే అక్కడ చేయండి. ఇవాళ్టి రాజకీయం మీదే మనసుంటే పొలిటికల్ సైన్స్ వైపు వెళ్లండి.

ఎక్కడ అంటే, ఈ సబ్జెక్టుకు మన దేశంలో పెద్ద ఇల్లు ఢిల్లీ జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్. అది 1955లో సప్రూ హౌస్‌లో వేరే సంస్థగా మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. మనకు దగ్గర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హిస్టరీ డిపార్ట్‌మెంట్ ఉంది, పాండిచ్చేరి యూనివర్సిటీలో పాలిటిక్స్, ఇంటర్నేషనల్ స్టడీస్ కలిపిన డిపార్ట్‌మెంట్ ఉంది. ఈ సెంట్రల్ యూనివర్సిటీల ఎంఏ సీట్లకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. దానికి దరఖాస్తు డిగ్రీ ఆఖరి సంవత్సరం మధ్యలోనే పెట్టాలి, పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకున్నవాళ్లు ఏడాది పోగొట్టుకుంటున్నారు, ప్రతి ఏడూ చూస్తున్నాను. ఇంట్లో ఢిల్లీ పంపడానికి ఒప్పుకోకపోతే, ముఖ్యంగా ఆడపిల్లలకు, మన దగ్గరే ఎంఏ చేయండి, పర్లేదు. పీహెచ్‌డీకి బయటికి వెళ్లొచ్చు. నన్ను పంపేటప్పుడు మా పెదనాన్న "ఆడపిల్లకి అంత దూరం ఏందిరా" అని నాన్నతో పెద్ద గొడవే పడ్డాడు. క్యాంపస్ హాస్టల్ ఫీజు రసీదు, ఫెలోషిప్ ఆర్డరు చూపించాక తగ్గాడు. నోటి మాట కంటే కాగితం చూపించండి, పెద్దవాళ్లు నమ్ముతారు.

నెట్, జేఆర్‌ఎఫ్, డబ్బులు

నెట్ గురించి కోచింగ్ వాళ్లు చెప్పేది చాలానే ఉంది కాబట్టి త్వరగా చెప్పి వదిలేస్తాను. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. హిస్టరీ కోడ్ 06, పొలిటికల్ సైన్స్ 02, అంతర్జాతీయ సంబంధాలు, ఏరియా స్టడీస్ ఉన్న పేపర్ కోడ్ 90. నెట్‌లో పైమార్కులు వచ్చినవాళ్లకు పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్, దానికి వయసు 30 లోపు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళలు తదితరులకు ఐదేళ్ల సడలింపు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, ఇంటి అద్దె అలవెన్సు వేరు. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరితే దొరికేది నెలకు 8,000. ఈ తేడా మీ జీవితంలో ఎంత తేడా తెస్తుందో ఢిల్లీలో గది అద్దె అడిగితే అర్థమవుతుంది. కాబట్టి నెట్ క్వాలిఫై అయ్యాం కదా అని ఆగకండి, వయసు ఉన్నంతవరకూ జేఆర్‌ఎఫ్ కోసం మళ్లీ రాయండి. 2024 నుంచి పీహెచ్‌డీ అడ్మిషన్లకు కూడా ఈ నెట్ స్కోరే వాడుతున్నారు.

ఇవి కాక ఐసీహెచ్ఆర్ (చరిత్ర పరిశోధన మండలి), ఐసీఎస్ఎస్ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) ఫెలోషిప్‌లు ఉన్నాయి. విదేశాల్లో చేయాలంటే బ్రిటన్‌కు కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్, ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ కొన్ని నెలలు అమెరికా వెళ్లడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఉన్నాయి. ఎస్సీ విద్యార్థుల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ విషయంలో ఒక మాట: 2022లో భారతీయ చరిత్ర, సంస్కృతి మీద టాపిక్‌లకు అది వర్తించదని నిబంధన పెట్టారు. నాకు ఆ నిర్ణయం నచ్చలేదు. కానీ మీరు చేయాల్సింది ప్రతి ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదివి, మీ ప్రపోజల్‌ను ఏ దేశం చరిత్రగా చూపించాలో ముందే ఆలోచించుకోవడం.

భాష

ఇది చాలామంది వాయిదా వేసే పని, వాయిదా వేసినవాళ్లు మూడో ఏడాదిలో ఇరుక్కుపోతారు. రెండు దేశాల సంబంధం రాస్తూ ఒక దేశం కాగితాలే చదివితే, ఇద్దరు అన్నదమ్ముల పొలం తగాదా ఒకడి మాట విని తీర్పు చెప్పినట్టు ఉంటుంది. సోవియట్ మీద రాయాలంటే రష్యన్, ఆర్మగాన్ కాలం మీదైతే డచ్చి, బ్రెజిల్ పశువుల మీదైతే పోర్చుగీసు. మనకు చెన్నై దగ్గర కావడం పెద్ద వరం, అక్కడ రష్యన్ కల్చరల్ సెంటర్, జర్మన్ కోసం గోథే ఇన్‌స్టిట్యూట్, ఫ్రెంచ్ కోసం అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉన్నాయి. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) చాలా విదేశీ భాషలు చెప్తారు. ఎంఏ మొదటి ఏడాదే మొదలుపెట్టండి. మాట్లాడటం బాగా రాకపోయినా ఫర్వాలేదు, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక టైపు చేసిన పేజీ చదవగలిగితే చాలు. నాకు రష్యన్ అక్షరాల మీద భయం పోవడానికి కారణం చిన్నప్పుడు విశాలాంధ్రలో చవగ్గా దొరికిన సోవియట్ తెలుగు పుస్తకాలు, వాటి లోపలి పేజీలో ఉండే రష్యన్ అక్షరాల్ని బొమ్మల్లా చూసేదాన్ని. అన్నట్టు ఒక దేశం మన భాషలో అంత చవగ్గా పిల్లల పుస్తకాలు ఎందుకు అచ్చేసి పంపింది అన్నది కూడా మంచి పీహెచ్‌డీ టాపిక్, ఎవరైనా తీసుకోండి.

ఇంగ్లీషు సంగతి. నేను తెలుగు మీడియం. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కానీ పని చేయాలి. అమెరికా విదేశాంగ శాఖ తన పాత పత్రాల్ని 1861 నుంచి సంపుటాలుగా వేస్తోంది, ఇప్పుడవి నెట్‌లో ఉచితం. 1971 బంగ్లాదేశ్ యుద్ధం నాటి నిక్సన్, కిసింజర్ సంభాషణలు అందులో ఉన్నాయి. రోజుకు ఒక్క పత్రం, రెండు పేజీలు మించకుండా తీసుకుని, ఎవరు ఎవరికి రాశారు, ఏం అడిగారు, ఏం దాచారు అని ముందు తెలుగులో ఐదు లైన్లు రాయండి, తర్వాత అదే ఇంగ్లీషులో రాయండి. ఆరు నెలలు చేస్తే ఇంగ్లీషూ వస్తుంది, దౌత్య పత్రం చదివే పద్ధతీ వస్తుంది. నేను మా పిల్లల చేత ఇదే చేయిస్తున్నాను.

గైడ్

పేరున్న గైడ్ కంటే మీ చాప్టర్ చదివే గైడ్ ముఖ్యం. చేరేముందు వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్లకు ఫోన్ చేసి ఒక్కటే అడగండి, "రాసి ఇచ్చిన తర్వాత ఎన్ని రోజులకు తిరిగిస్తారు?" నెలలోపు అంటే అదృష్టం. ఆయన ఆర్కైవ్స్‌లో పని చేశారా లేదా అనేది వ్యాసాల ఫుట్‌నోట్లు చూస్తే తెలిసిపోతుంది. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఈ సబ్జెక్టులో భాష, ఆర్కైవ్స్ ప్రయాణాలు ఉంటాయి కాబట్టి ఐదేళ్లు పెట్టుకోండి.

ఆర్కైవ్స్: అసలు పని ఇక్కడే

మన జిల్లాల వాళ్లు మొదట వెళ్లాల్సింది చెన్నై. ఎగ్మూరు స్టేషన్‌కు ఎదురుగానే తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం నాటి కాగితాలు, డచ్చి వాళ్ల రికార్డులు కూడా అక్కడే ఉన్నాయి. ఒక్క విషయం గుర్తుంచుకోండి, ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది. అంతకుముందు కందుకూరు నెల్లూరు జిల్లాలో, ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉన్నాయి, 1904కి ముందైతే ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే. ఇండెక్స్‌లో "ప్రకాశం" అని వెతికితే మీకు ఏమీ దొరకదు. నేను మొదటి రెండు రోజులు అలాగే వెతికాను.

తర్వాత ఢిల్లీ జనపథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్. గైడ్ సంతకం పెట్టిన పరిచయ లేఖ, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. వెళ్లేముందు ఇంటి దగ్గరే వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో రిజిస్టర్ అయి, మీకు కావాల్సిన ఫైళ్ల నంబర్లు రాసుకోండి. స్కాన్ చేసి పెట్టినవి అక్కడే చూసేయొచ్చు, రైలు ఖర్చు మిగులుతుంది. 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం, దాని కింద వచ్చిన రూల్స్ ప్రకారం 25 ఏళ్లు దాటిన రికార్డులు ఆర్కైవ్స్‌కి రావాలి. ఆచరణలో చాలా ఫైళ్లు శాఖల దగ్గరే ఉండిపోతాయి. మీరు స్లిప్ రాసి ఇస్తే సాయంత్రానికి దాని మీద "ఎన్‌టీ" అని రాసి తిరిగొస్తుంది, అంటే ఇంకా బదిలీ కాలేదని. మా నాన్నకు నో బిడ్ ఎలాగో నాకు ఎన్‌టీ అలాగ. మొదటి వారం ఇరవై స్లిప్పుల్లో పదకొండు అలా తిరిగొచ్చాయి, హాస్టల్‌కు వెళ్లి ఏడ్చాను కూడా.

అప్పుడు చేయాల్సింది చెప్తాను. ఏ సమావేశానికైనా రెండో పక్షం ఉంటుంది, పక్కన చూస్తూ ఉన్న మూడో పక్షం ఉంటుంది. మన ఫైలు రాకపోతే, అదే వారంలో ఢిల్లీలోని బ్రిటిష్ హైకమిషనర్ లండన్‌కు ఏం రాశాడో అక్కడి క్యూ అనే ప్రాంతంలో ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. అమెరికా రాయబారి ఏం రాశాడో పైన చెప్పిన సంపుటాల్లో ఉండొచ్చు. సోవియట్, చైనా, తూర్పు యూరప్ పత్రాలకు ఇంగ్లీషు అనువాదాలు వాషింగ్టన్‌లోని విల్సన్ సెంటర్ డిజిటల్ ఆర్కైవ్‌లో చాలా ఉన్నాయి. మంత్రులు, రాయబారుల సొంత కాగితాలు ఢిల్లీ తీన్‌మూర్తి భవన్‌లోని ప్రైమ్ మినిస్టర్స్ మ్యూజియం అండ్ లైబ్రరీలో (పాత పేరు నెహ్రూ మెమోరియల్ లైబ్రరీ) ఉన్నాయి, శాఖ ఇవ్వని ఉత్తరం కాపీ అధికారి ఇంటి పెట్టెలోంచి అక్కడికి చేరి ఉండటం నేను చూశాను. ఇంకా పార్లమెంటు చర్చలు, వాణిజ్య శాఖ నివేదికలు, పొగాకు బోర్డు వార్షిక నివేదికలు, పాత తెలుగు పత్రికలు. వీటిని తక్కువగా చూడొద్దు. నా థీసిస్‌లో ఒక చాప్టరు సగం ఇలాంటి వాటి మీదే నిలబడింది.

ఫైలు చేతికి వచ్చాక ముందు ఉత్తరాల జోలికి పోకుండా నోటింగ్, అంటే అధికారులు ఫైల్లో ఒకరి కింద ఒకరు రాసుకున్న అభిప్రాయాలు, చదవండి. కింది స్థాయి అధికారి ఏం రాశాడు, పైవాడు ఎక్కడ కొట్టేశాడు, మార్జిన్‌లో ఎవరి పొట్టి సంతకం ఉంది అన్నదాంట్లో నిర్ణయం ఎలా పుట్టిందో తెలుస్తుంది. బయటికి వెళ్లిన ఉత్తరం ఆ వంటకి చివర్లో వడ్డించిన పళ్లెం మాత్రమే. ఫోటోలకు అనుమతి ఉన్నచోట మొదటి ఫోటో ఫైలు అట్టది తీయాలి, నంబరు కనపడేలా. ఒకసారి నేను ఆత్రంలో నాలుగు ఫైళ్ల ఫోటోలు అట్టలు లేకుండా తీసుకుని ఊరికి వచ్చేశాను, ఏ పేజీ ఏ ఫైల్లోదో చెప్పలేక మళ్లీ ఒంగోలు నుంచి ఒకటిన్నర రోజు రైల్లో వెళ్లి ఆ వారమంతా తిరిగి చేశాను. ఫైలు నంబరు లేని వాక్యం ఎంత గొప్పదైనా థీసిస్‌లో పెట్టడానికి వీల్లేదు. రోజూ రాత్రి పడుకునేముందు ఆ రోజు చదివింది ఒక పేజీ తెలుగులోనే రాసుకోండి, మన భాషలో రాస్తే మనకు అర్థమైందా లేదా వెంటనే తెలిసిపోతుంది.

రాయడం, అచ్చు వేయించడం

మొదటి వ్యాసం నాలుగో ఏడాదికైనా బయటికి రావాలి. డబ్బులు తీసుకుని వారంలో అచ్చేసే పత్రికలకు ఇవ్వకండి, దయచేసి. మీ ఊరి స్నేహితుడు అలా పది వేసి మార్కులు తెచ్చుకుంటున్నాడని చూసి టెన్షన్ పడకండి, మంచి బోర్డు ముందు అవి మీకు చెడ్డపేరే తెస్తాయి. మన దేశంలో ఇండియా క్వార్టర్లీ, ఇంటర్నేషనల్ స్టడీస్ ఉన్నాయి, బయట ఇంటర్నేషనల్ హిస్టరీ రివ్యూ, కోల్డ్ వార్ హిస్టరీ, డిప్లొమాటిక్ హిస్టరీ ఉన్నాయి. తిప్పి పంపుతారు. రిఫరీ రాసిన రిపోర్టు మాత్రం బంగారం, ఫీజు లేకుండా ఒక నిపుణుడు మీ రాత చదివి తప్పులు చెప్పినట్టు. నా మొదటి వ్యాసం రెండుసార్లు తిరిగొచ్చి మూడోసారి నిలబడింది, మూడోసారికి అది నిజంగానే మంచి వ్యాసం అయింది.

ఉద్యోగం

అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది, అక్కడికి చేరితే బతుక్కి ఢోకా లేదు. చేరడమే కష్టం. రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు, వచ్చినా కోర్టు కేసుల్లో ఆగుతాయి, ఈలోపు పీరియడ్ లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీగా పని చేయాల్సి రావచ్చు. నేను నాలుగేళ్లు చేశాను, ఎండాకాలం సెలవుల్లో జీతం లేదు. అందుకే ఒక్క తలుపు దగ్గరే నిలబడొద్దు. సప్రూ హౌస్‌లో ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ రీసెర్చ్ ఫెలోలను తీసుకుంటుంది, రక్షణ మంత్రిత్వ శాఖ కింద ఉన్న రక్షణ అధ్యయనాల సంస్థ ఐడీఎస్ఏ తీసుకుంటుంది. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టు పెరుగుతోంది. విదేశాంగ శాఖలోనే ఒకప్పుడు హిస్టారికల్ డివిజన్ ఉండేది, సర్వేపల్లి గోపాల్ గారు అందులో పదేళ్లకు పైగా పని చేసి తర్వాత జేఎన్‌యూకు ప్రొఫెసర్‌గా వెళ్లారు. సరిహద్దు తగాదాలో ఒక చరిత్రకారుడు తీసిన పాత పటాలు, ఉత్తరాలు ప్రభుత్వం వాదనకు ఆధారమైన రోజులవి. అలాంటి డివిజన్ మళ్లీ బలంగా నిలబడాలని నా కోరిక.

కుటుంబం మీ మీద ఆధారపడి ఉంటే, డీఎస్సీకో జూనియర్ లెక్చరర్‌కో రాసి ఉద్యోగంలో చేరి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయడంలో తప్పేమీ లేదు. చెన్నై ఆర్కైవ్స్ నెల్లూరు నుంచి మూడు గంటల దూరం, దసరా, సంక్రాంతి సెలవులు, ఎండాకాలం సెలవులు కలిపితే ఏడాదికి యాభై రోజుల పని దొరుకుతుంది. నెమ్మదిగా అవుతుంది, అవుతుంది.

ఈ ఆదివారం చేయాల్సిన పని

సీయూఈటీ వచ్చేలోపు, నెట్ వచ్చేలోపు, ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటి ఉంది. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు, కలిగిరి వైపు పొగాకు ఎగుమతి చేసిన పాత వ్యాపారుల ఇళ్లల్లో, గూడూరు అభ్రకం గనుల కుటుంబాల దగ్గర, మొదటితరం రొయ్యల ఎగుమతిదారుల దగ్గర ఉత్తరాలు, బిల్లులు, ఓడ కాగితాలు, లెక్కల పుస్తకాలు ఉన్నాయి. ఇల్లు కూలగొట్టినప్పుడల్లా అవి పాత కాగితాల బండికి పోతున్నాయి. మా వీధిలోనే ఒక ఎక్స్‌పోర్టరు తాతగారు పోయాక, వాళ్లబ్బాయి మూడు బస్తాల టెలెక్స్ కాగితాలు కిలోల లెక్కన అమ్మేశాడని నాకు నెల తర్వాత తెలిసింది. మాస్కోతో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు అందులో ఉండేవని ఆ అబ్బాయే చెప్పాడు.

మీ తాతయ్యనో, పక్కింటి పెద్దాయన్నో అడగండి. "మీ దగ్గర పాత కాగితాలు ఏమైనా ఉన్నాయా తాతా, నేను తీసుకుపోను, ఇక్కడే కూర్చుని ఫోటోలు తీసుకుంటా" అని చెప్పండి, తీసుకుపోనన్న మాట ముందే చెప్తే పెట్టె తెరుస్తారు. ప్రతి కాగితం రెండువైపులా ఫోటో తీయండి, వెనకవైపు పెన్సిల్‌తో రాసిన లెక్కలే కొన్నిసార్లు అసలు సంగతి. ఎవరింట్లో, ఏ తేదీన, ఎవరి అనుమతితో తీశారో ఒక నోటుబుక్కులో రాయండి. ఆయన మాట్లాడుతుంటే, అడిగి, ఫోన్‌లో రికార్డు పెట్టండి, పేర్లు, ఏళ్లు మళ్లీ ఒకసారి చెప్పించుకోండి. మా నాన్న దగ్గర ఆ ఏడాది నో బిడ్ అయిన బేళ్ల చీటీలు పదిహేడు దొరికాయి, బీరువాలో భూమి కాగితాల కింద. అవి ఇప్పుడు నా థీసిస్ రెండో అధ్యాయం మొదటి ఫుట్‌నోటులో ఉన్నాయి.